మూడో పైలు ఫిర్యాదు

“నా మూడో పునాది పైలు కింద బండ అదురుతోంది. కారకులెవరో తేలేదాకా ఎవరినీ దాటనివ్వను!” అని వంతెన మైకులో మొండికేసింది. గేటు ముందు పెళ్లికొడుకు బస్సు ఆగిపోయింది. ముహూర్తం ముంచుకొస్తోంది.

“నిన్న అన్ని లారీలు మోసింది కదమ్మా, ఇవాళ దీనికేం రోగం?” అని పెళ్లికొడుకు తండ్రి ఇంజనీరు మేదిని ముందు నెత్తి పట్టుకున్నాడు.

మేదిని వంతెన కింద ఎండిన ఏట్లోకి పరుగెత్తింది. మూడో పైలు ఎంత బరువు మోయగలదో చూడటానికి వంతెన కట్టేటప్పుడు దాని పక్క బండలో తొలిచిన గుంట అక్కడే ఉంది. అందులో ఆవకాయకి మిరపకాయలు పోసి, ఒకావిడ రోకలితో దంచుతోంది.

“ఇంత నున్నటి రోలు ఊళ్లో ఎక్కడుందే? చూస్తావేం, నువ్వూ ఓ పోటెయ్యి!” అందావిడ.

“ఎవరది? గట్టిగా చెప్పండి, రికార్డు చేసుకోవాలి,” అంది వంతెన.

మేదిని తుమ్ముతూనే అరిచింది. “మా అత్తగారు, వరాలమ్మ!”