సున్నా పెట్టిన చోటు

ఎర్ర గీత ఇంకొక్కటే మిగిలింది.

నాలుగు వందల పన్నెండు హెచ్చరికలతో మొదలైన పని. తల పగిలిపోతున్నా వారంలో మిగతావన్నీ దులిపేసింది. ఆఫీసులో ఆమెకు 'చీపురు' అని పేరు. కోపమొచ్చేది కాదు, ముచ్చటగానే ఉండేది.

ఆసుపత్రి మంచాల పక్కన పెట్టే, ఊపిరిని కనిపెట్టుకుని ఉండే యంత్రానికి వాళ్ళు కెర్నెల్ రాస్తారు. యంత్రంలో అన్నిటికీ అడుగున ఉండి నడిపించే ప్రోగ్రాము అది. తనిఖీ సాఫ్ట్‌వేర్ దాన్ని వరసగా చదివి, అనుమానమున్న చోటల్లా ఎర్ర గీత పెడుతుంది. ఒక్క గీత ఉన్నా యంత్రం గడప దాటదు.

చివరి గీత కింద ఇలా ఉంది: సెన్సర్ నుంచి రాకముందే ఈ విలువను చదివే ప్రమాదముంది.

పేషెంటు ఆఖరిసారి ఊపిరి తీసి ఎన్ని సెకన్లయిందో చెప్పే విలువ అది.

సంగతేమిటో తేల్చాలంటే రెండు రోజులు పడుతుంది.

మేనేజరు తలుపు దగ్గరే నిలబడ్డాడు. "ఇంకా ఏం నానుస్తున్నావమ్మా? వ్యాను కింద ఆగుంది."

సెన్సర్ నుంచి ఏమీ రాకపోయినా చదవడానికి ఏదో ఒకటి ఉండేలా, ఆమె ఆ విలువ చోట ముందుగానే ఓ సున్నా పెట్టేసింది.

గీత మాయమైంది. అందరూ చేసేదే.

అది ఆరు నెలల కిందటి మాట.

నిన్న బావకు ఆపరేషనైంది. మరదల్ని ఏడిపించకుండా ఒక్క పూట ఉండలేని మనిషి, ఇప్పుడు మత్తులో పడి ఉన్నాడు. మంచం పక్కన అదే యంత్రం.

అది తన చెల్లెలి ఆఫీసులో తయారైందేనని అక్క నర్సుకు గొప్పగా చెప్పుకుంది.

నర్సు మొహం విప్పారింది. "మీ పుణ్యమా అని వార్డు ప్రశాంతంగా ఉందండీ. పాతది వైరు కాస్త వదులైనా మోగి చంపేది. ఇది వచ్చాక ఆ గోలే లేదు."

"వైరు వదులైతే ఇదేం చేస్తుంది?" అని చెల్లెలు అడిగింది.

"ఏం చెయ్యదండీ. సున్నా చూపిస్తుంది. ఇప్పుడే ఊపిరి తీశాడనేగా?"

నర్సు పక్క వార్డుకు వెళ్ళిపోయింది.

తెర మీద అంకె మూడు, నాలుగు దాకా పోయి, సున్నాకు వస్తోంది. మళ్ళీ మూడు, నాలుగు. మళ్ళీ సున్నా.

ఈసారి అక్కడే ఆగింది.

పచ్చ దీపం నిలకడగా వెలుగుతోంది.

"దాన్ని చూస్తుంటే ఎంత ధైర్యంగా ఉందో తెలుసా," అంది అక్క, దుప్పటి సర్దుతూ.

ఆమె ఆ దుప్పటి తొలగించి, బావ ఛాతీ మీద అరచేయి ఆనించింది.

మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ఏంటే?" అంది అక్క, నవ్వుతూ.

లెక్క నాలుగు దాటింది.