షోకేసులో ఆవులప్ప

"ఆ మాల తీస్తావా, లేదా?"

బళేపేట సందులో, ఫొటో స్టూడియో మెట్ల మీద నిలబడి ఆవులప్ప అరిచిన అరుపుకు పక్క అంగళ్ళవాళ్ళు తొంగి చూశారు. ఆవులప్ప గాజుల వ్యాపారి, మెత్తని మనిషి. ఆ మెత్తదనమంతా ఈ రోజు పొద్దుటికే ఆవిరైపోయింది. కాదా మరి? స్టూడియో షోకేసులో ఆయన ఫొటో, గుమ్మమంత పెద్దది, నుదుట కుంకుమ పెట్టి, చేమంతి మాల వేసి ఉంది. మనిషేమో నిక్షేపంలా ఇక్కడ నిలబడి ఉన్నాడాయె!

"తీయనప్పా," అన్నాడు ఫొటోగ్రాఫరు వెంకటగిరియప్ప లోపలి నుంచి. "ఈ పొద్దు ఆయుధపూజ. నువ్వు నీ గల్లాపెట్టెకు మాల వేయలేదా? నాకు కెమెరా ఎంతో ఫొటో అంతే. పూజ పెట్టినాక రేపటిదాకా కదిలించకూడదు."

అబద్ధం కాదు. ఆ రోజు ఆ స్టూడియోలో మాల లేని వస్తువే లేదు. కెమెరాలకు మాల, లైట్లకు మాల, నెగెటివులు దాచిన బిస్కెట్టు డబ్బాలకు మాల. పేటలో జరిగిన పెళ్ళిళ్ళు, నామకరణాలు, సంఘం మీటింగులు, అన్నీ ఆ డబ్బాల్లోనే ఉన్నాయి. ఏటా పండక్కి వాటిలోంచి ఒక మంచి ఫొటో ఏరి, పెద్దది చేయించి షోకేసులో పెట్టి పూజ చేసుకోవడం ఆయన అలవాటు. ఇన్నేళ్ళూ ఊరి తేరు ఫొటోనో, కరగ ఉత్సవం ఫొటోనో పెట్టేవాడు. ఈ ఏడు మాత్రం ఆవులప్ప వయసులో ఉన్నప్పటి నవ్వొకటి కంటబడి, తెగ నచ్చేసింది.

"మర్యాద చేస్తే నామీదికే వస్తావే!" అన్నాడు వెంకటగిరియప్ప.

"ఏం మర్యాదప్పా నీ మర్యాద! పొద్దున్నుంచి మా ఇంటికి ఏడ్చుకుంటా వస్తా ఉండారు జనం. తలుపు తీసేది నేను! మా అత్తకూతురు నన్ను చూసి దడుసుకుని మెట్ల మీద పడింది. ఇప్పటికీ మా ఇంటిది నంజమ్మ ఆమె మోకాలికి పసుపు రాస్తా ఉండాది."

"మంచిదే కదా. బతికుండగానే ఎవరెంత ఏడుస్తారో తెలిసిపోయ."

"నవ్వద్దు! రేపు మా బిడ్డ శ్వేత నిశ్చితార్థం. మగపెళ్ళివాళ్ళు, ఆ మడివాళవాళ్ళు, సాయంత్రం గాజులకని ఈ సందులోనే వస్తారు. ఈ మాల చూసినారంటే ఇంట్లో మైల అని తాంబూలాలు ఆపేస్తారు. వాళ్ళ పెద్దాయన బల్లి అరిస్తే ఊరి ప్రయాణమే మానుకునే మనిషి!"

"అయితే ఒక పని చేయి. సాయంత్రం దాకా నువ్వు సుమ్నే, ఊరికే, ఫొటో పక్కన నిలబడుకో. బతికే ఉండాడని వాళ్ళకే తెలుస్తాది."

ఆవులప్ప తల బాదుకున్నాడు. ఇక ఈ మనిషితో మాటలు లాభం లేదని తానే షోకేసు తలుపు మీద చేయి వేశాడో లేదో, సందు మొదట్లోంచి "అన్నా!" అని ఒక గావుకేక వినబడింది.

ఆ గొంతు ఆయనకు తెలుసు. కాడుగోడిలో ఉండే తమ్ముడు సుబ్బరాయుడు. తాతల నాటి ఇంట్లో నడిమి గోడ తగాదాతో అన్నదమ్ములకు మాటలు పోయి చాలా కాలమైంది. వాడి ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్నవాడాయె, ఆవులప్ప గబుక్కున లోపలికి దూరి, పూలతోట బొమ్మ వేసిన పరదా వెనక నక్కాడు.

సుబ్బరాయుడు వచ్చి షోకేసు అద్దానికి రెండు చేతులూ ఆనించాడు. "పటానికి మాల కూడా పడిపోయ! దహనం అయిపోయినాక కూడా నాకు ఒక ఫోను చేయలేదే! ఎవరో దారిన పోతా చూసి చెప్తే తెలుసుకోవాల్నా నేను?"

వెంకటగిరియప్ప ఏదో చెప్పబోయాడు. సుబ్బరాయుడు వింటేగా!

"ఈ ఫొటోలో ఆయన పక్కన నేనుండల్ల. ఆ చేయి నా భుజం మీదదే. నన్నెందుకు కోసేసినావప్పా?"

కదిలించకూడదన్న వెంకటగిరియప్పే ఒక డబ్బా మాల పక్కకు లాగి, మూత తీసి, నెగెటివు వెతికి లైటుకు ఎత్తిపట్టాడు. ఇద్దరు కుర్రాళ్ళు, ఒకే సైకిలు, ఒకరి భుజం మీద ఒకరి చేయి.

"ఆ గోడ నేనే పడగొడతా," అని వెక్కాడు సుబ్బరాయుడు. "మా అన్న ఒక్కసారి వచ్చి నన్ను తిట్టిపోతే చాలు."

"ఇన్నాళ్ళూ ఆ మాట ఏ గడ్డివాములో దాచినావురా, దున్నపోతా!" పరదా ఊగింది. పూలతోటలోంచి ఆవులప్ప కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

సుబ్బరాయుడు కెవ్వుమన్నాడు. తర్వాత అన్నను తడిమి చూశాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చిన ఏడుపుకు పక్క అంగళ్ళవాళ్ళూ ముక్కులు చీదారు. వెంకటగిరియప్ప ఈసారి ఎవరూ అడక్కుండానే వెళ్ళి షోకేసులోని మాల తీసి, నుదుటి కుంకుమ తుడిచేశాడు. ఆవులప్పకు ప్రాణం లేచొచ్చింది. ఇక మడివాళవాళ్ళు కాదు, వాళ్ళ జేజమ్మ వచ్చినా భయం లేదు.

"రేపు నా పక్కన నువ్వే కూర్చోవల్ల," అన్నాడు తమ్ముడి చేయి పట్టుకుని. "బిడ్డకు చిన్నాయనవి. అందరి ముందర తాంబూలం నువ్వే అందుకోవల్ల, తెలిసిందా?"

"నేను గాక ఇంకెవురందుకుంటారన్నా!" అంటూ సుబ్బరాయుడు కన్నీళ్ళు తుడుచుకోవడానికి తలకు చుట్టుకున్న టవలు లాగాడు. చచ్చిపోయిన అన్న కోసం ఆ పొద్దే కాడుగోడిలో గీకించుకున్న గుండు, స్టూడియో లైటు కింద తళతళ మెరిసింది.