ఐసు హాకీ ఏడో నంబరు

ఆ చలికాలం కలకత్తాలో ఐసు హాకీ జట్లు మూడు తయారయ్యాయి. ఐసు మాత్రం ఒక్క చోటే ఉంది, వాట్‌గంజ్‌లో కోదండం గోదాములో.

కోదండం చేపల బజారుకు ఐసు దిమ్మలు సరఫరా చేసే మనిషి. చలికాలంలో ఆ సరుకుకు గిరాకీ ఉండదు. ఉన్నది చూస్తుండగానే నీరైపోతుంది. సరిగ్గా అప్పుడే ఒక రష్యా ఓడ సమ్మెలో చిక్కుకుని నెల రోజులు డాకులో ఆగిపోయింది. ఊసుపోని నావికులు గోదాము నేల మీద దిమ్మలు పరిపించి, నీళ్లు పోసి అతికించి, డాకు కూలీలకు ఆట నేర్పారు. వెళ్తూ కర్రలు వదిలేశారు. స్కేట్లు పట్టుకుపోయారు.

అదీ నష్టం కాలేదు. డాకులో పని లేని రోజున ఆ కూలీలే కాళ్లకు గోనె చుట్టుకుని కోదండం ఐసు మోసేవాళ్లు. ఆ కాలితో ఎక్కడ జారాలో, ఎక్కడ ఆగాలో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

యూనియన్ నాయకుడు నిమాయ్ దా ఇది సోషలిస్టు దేశాల ఆట అని ప్రకటించాడు. వాట్‌గంజ్, షాలిమార్, బడ్జ్ బడ్జ్ జట్లతో లీగు పెట్టాడు. మ్యాచ్‌కు రెండేసి కోడిగుడ్లు ఇస్తున్నాం కనుక మనవాళ్లంతా ప్రొఫెషనల్ ఆటగాళ్లేనని తీర్మానం చేయించాడు.

మొదటి మూడు మ్యాచ్‌లూ డ్రా. కార్మికుణ్ణి కార్మికుడు ఓడించరాదని జట్లు ముందే తీర్మానించుకున్నాయి. గోల్‌కీపర్లు కుర్చీలేసుకుని టీ తాగారు.

అప్పుడు ఓడల సరుకు దింపే ఒక కంపెనీ, నిమాయ్ దా పోరు పడలేక, గెలిచిన జట్టుకు పర్మినెంటు ఉద్యోగాలు, క్వార్టర్లు ఇస్తానంది. కార్మిక ఐక్యత ఐసుకంటే ముందే కరిగిపోయింది. తర్వాతి మ్యాచ్‌లో షాలిమార్ గోల్‌కీపరుకు రెండు పళ్లు ఊడాయి.

వాట్‌గంజ్ జట్టులో తొమ్మిదిమందీ ఆ కంపెనీ రోజుకూలీలే. గేటు దగ్గర వాళ్ల మొహాలు ఎవరూ చూడరు. మెడలో పేరు చెక్కిన ఇత్తడి బిళ్ల చూసి లోపలికి పంపుతారు. జట్టు జాబితా కూడా బిళ్లల రిజిస్టరులోంచే ఎత్తి రాశారు. అందులో ఏడో పేరు గవరయ్య. చొక్కా వీపు మీద ఏడు అంకె ఎక్కాక పేటంతా అతన్ని ఏడో నంబరు అనే పిలిచింది.

ఏడో నంబరుకు ముప్పై ఎనిమిదేళ్లు. తన ఒళ్లు ఎన్నాళ్ల సరుకో అతను లెక్కేసుకున్నాడు. బస్తా మోసే నడుము మహా అయితే ఇంకో అయిదేళ్లు వస్తుంది. ఈలోగా పర్మినెంటు కాకపోతే మరి కాలేడు.

భార్య దాలమ్మది ఇంకా చిన్న లెక్క.

"నలభై ఇళ్లకి ఒక్క కొళాయి. కర్రట్టుకుని ఎవుణ్ణి కొడతావో నాకెరిక నేదు మావా. కొళాయున్న ఇల్లట్టుకు రా."

అతనికి పేటలో మంచివాడని పేరు. సొంతూళ్లో జీడితోట చూసుకునే బావమరిదికి నెల తప్పకుండా మనియార్డరు పంపేవాడు. అంత ప్రేమగల బావ శ్రీకాకుళం జిల్లాలోనే లేడనేవారు.

ఫైనల్‌కు ముందు ఉద్యోగాల ఫారాలు నింపే లీగు కమిటీ గుమాస్తా ఇంటికొచ్చి దాలమ్మను మొగుడి పేరు అడిగాడు.

"పేరు నాను సెప్పకూడదు దాదా. బిళ్ల మీదుంది, సూసుకో."

"ఇంకా ఈ పాతకాలపు పట్టింపులేనా దీదీ?" అని నవ్వి, బిళ్ల చూసి రాసుకుపోయాడు.

ఫైనల్ బడ్జ్ బడ్జ్ మీద. మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. మూడుంబావుకు కరెంటు పోయింది. గోదామును చల్లబరిచే మిషను ఆగి, ఐసు మీద నీళ్లు తేలాయి. రిఫరీ ఆట ఆపబోయాడు.

"చొల్‌బే నా! కుదరదు!" అన్నాయి రెండు జట్లూ. ఉద్యోగాల మాట వచ్చాక జట్లు ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే.

చెరో గోలు అయింది. ఆఖరి నిమిషంలో ఏడో నంబరు పట్టు తప్పి బోర్లా పడ్డాడు. పడ్డవాడు లేవలేదు. పొట్ట మీదే జారుకుంటూ పోయి, బంతికి బదులు లారీ టైరు కోసి చేసిన రబ్బరు ముక్కను గోల్లోకి నెట్టేశాడు.

"ఒరే సూరీ! నెగ్గీసినావురా!" అని అతని తల్లి సన్యాసమ్మ చప్పట్లు చరుస్తూ అరిచింది. ముసలమ్మ సంబరంలో ఏ కొడుకును తలుచుకుంటోందోనని జనం నవ్వారు.

బ్యాటరీ మైకులో "గవరయ్య" అని రెండుసార్లు పిలిచినా అతను కదల్లేదు. చెవుల్లో నీళ్లు పోయాయనుకున్నారు. మూడోసారికి పక్కనున్న జట్టువాడు పోలిరాజు డొక్కలో పొడిచాడు.

"నిన్నేరా, ఎల్లు!"

నిమాయ్ దా దండ వేశాడు. నియామకం ఉత్తరాలు పోస్టులో వస్తాయని, పదిహేను రోజుల్లో చేరాలని కంపెనీ మేనేజరు చెప్పాడు. ఆ సాయంత్రమే దాలమ్మ నీళ్లబిందెలు రెండూ పక్కింటి జగ్గమ్మకు ఇచ్చేసింది.

కంపెనీ ఉత్తరాలను రిజిస్టరులో ఉన్న సొంతూళ్ల చిరునామాలకు పంపింది. అక్కడినుంచి ఒక్కొక్కటే వాట్‌గంజ్ చేరాయి. ఎనిమిది వచ్చాయి. ఏడో నంబరుది రాలేదు. దాలమ్మ జగ్గమ్మను ఒక బిందె అడిగి తెచ్చుకుంది.

"బిళ్ల నీ మెడలోనే ఉంది గదరా. ఉద్యోగం ఎక్కడికి పోద్ది?" అన్నాడు పోలిరాజు.

ఏడో నంబరు లెక్క కూడా అదే. ఎనిమిదేళ్లుగా గేటు తీయించిన బిళ్ల క్వార్టరు తలుపు తీయించలేదా?

చేరడానికి గడువు ముగిసే రోజు పొద్దున్నే, ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని మెయిలు రైల్లోంచి హౌరా స్టేషన్లో దిగాడు, ఎనిమిదేళ్ల కిందట తన బిళ్లను బావ అప్పలసూరి మెడలో వేసి, దాని అద్దె నెలనెలా మనియార్డరులో అందుకుంటూ జీడితోటలో పడుకున్న అసలు గవరయ్య.