గుర్రమూ గుర్రూ

మేలుజాతి గుర్రాల్ని పెంచిన పాత ఎస్టేటు కాస్తా ఖరీదైన హోటలైపోయింది. గుర్రపుశాలను గదులుగా మార్చి పట్టుపరుపులు వేశారు. మిగిలిన ఒక్క ముసలి గుర్రం పంచకల్యాణిని బయట వేపచెట్టుకు కట్టేశారు.

"జనమంతా మా వంశాన్ని చూసే వస్తున్నారు," అని హోటలు దుప్పట్లు మోసే గాడిద ముందు అది జూలు విదిలించేది.

ఓ మధ్యాహ్నం, తను పుట్టిన గదిలోంచే "గుర్రు... గుర్రు..." అని వినపడింది. మనవాడెవడో తిరిగొచ్చాడని పంచకల్యాణి పొంగిపోయి, ఎస్టేటు దద్దరిల్లేలా సకిలించింది.

బొజ్జాయన ఒకడు కళ్లు నులుముకుంటూ బయటికొచ్చాడు. "బంగారంలాంటి నిద్ర పాడుచేసింది! దీన్నిక్కణ్నుంచి తీసేయండి," అని మేనేజరు మీద కేకలేశాడు.

సాయంత్రానికల్లా పంచకల్యాణి దుప్పట్లు ఉతికే చోటికి చేరింది. గాడిద కాస్త జరిగి చోటిచ్చింది.

"బాధపడకు తాతా. ఆ గదుల్లో గుర్రు పెట్టొచ్చు గానీ, గుర్రాన్ని పెట్టకూడదట."