అటువైపు బరువు

నిడదవోలు నుంచి ఆటోలో వచ్చిన చిన్న తేనెపెట్టెలు కొబ్బరితోటలో దిగుతుంటే యేసుపాదం భార్య మీద కస్సుమన్నాడు.

“అరవై నిండకుండానే నన్ను ముసలాణ్ణి చేసేశావా? పాత పెట్టెలు ఎత్తలేనన్నానా? పట్టు, చూపిస్తా!”

కృపావతి తేనెతో నిండిన పాత పెట్టెకి అటువైపు చెయ్యి వేసింది. ముప్పై ఏళ్లుగా ఇద్దరూ అలాగే మోస్తున్నారు. నాలుగడుగులు వేశారో లేదో ఆమె చెయ్యి జారింది. పెట్టె దబ్బున పడింది. తేనెటీగలు గుప్పున లేచాయి.

“ఏంటే ఇది!”

“చిన్న పెట్టెలు మీ కోసం కాదండి, నా కోసం చేయించాను. నా చేతికి పట్టు ఉండటం లేదు.” ఆమె ఎడమచేత్తో కుడి మణికట్టు నొక్కుకుంది.

“నాకు చెప్పొద్దూ?”

“రెండుసార్లు చెప్పానండి. ‘నువ్వు ఊరికే పట్టుకుంటావు, బరువంతా నాదేగా’ అన్నారు.”

అన్నాడు. ఎప్పుడూ అనేమాటే.

ఈగలు సర్దుకున్నాక యేసుపాదం ఒక్కడే వంగి, పెట్టెని రెండు చేతులా పట్టుకుని లేపబోయాడు. అది నేల వదల్లేదు. మళ్లీ ప్రయత్నించాడు. నడుం కలుక్కుమంది.

తలెత్తి ఆమె వంక చూడలేక, వంగినవాడు వంగినట్టే చాలాసేపు ఉండిపోయాడు.