దిగేటప్పుడు

ఆదివారం పొద్దున పాత బండ్ల యార్డు ముందు ఒక చిన్నకారు ఆగింది.

అందులోంచి డ్రాయింగు మాస్టారు, ఆయన తల్లి, దర్జీపని చేసే ఆయన భార్య దిగారు.

మాస్టారికి కొండలెక్కే జీపు మీద మనసు పడి చాన్నాళ్లయింది. కొండలెక్కే పని ఆయనకు పుట్టి బుద్ధెరిగాక పడలేదు. అయినా మనసు పడ్డాక పనితో పనేముంది?

బ్రోకరు బేరం కుదిర్చిపెట్టాడు. చిన్నకారు ఇచ్చేసి జీపు తోలుకుపోవడమే.

"ఓనరు మార్పిడికి ఒప్పుకున్నాడండీ. మీ పంట పండింది. చూస్తూ ఉండండి, తాళాలు తెస్తా," అంటూ ఫోను చెవిన పెట్టుకుని తన గదిలోకి పోయాడు.

కోడలి గుండెల్లో మాత్రం రాయి పడింది.

అత్తగారికి మొన్నీమధ్యే తుంటి ఆపరేషనైంది. వ్యాయామం చేయించే డాక్టరు దగ్గరికి ఆవిడను మోసేది ఆ చిన్నకారే. అది కాస్తా పోతే ఆవిడ ఇంక మంచానికి అతుక్కుపోతుంది.

ఆ మాట అంటే వింటేగా.

"నాకేంటమ్మా, చక్కగా ఎక్కుతాను. వాడి ముచ్చట తీరనీ," అంటుంది.

కోడలు ఊరుకోలేక సంచిలోంచి టేపు తీసి, నేల నుంచి జీపు మెట్టు దాకా కొలిచింది. తర్వాత టేపు తన కాలికి పెట్టి చూసుకుంది. మోకాలు దాటింది.

"దానికి చొక్కా కుడతావా ఏంటి?" అన్నాడు మాస్టారు.

ఆదివారాలు జీపుల ఓనర్లంతా అక్కడే పోగవుతారు. మాస్టారు మందుల షాపాయన్ని పట్టుకున్నాడు.

"ఉన్నమాట చెప్పండి. ఎలా ఉంది బండి?"

"ఏనుగండీ, ఏనుగు."

"నడుంనొప్పి రాదా?"

"వస్తుంది. అలవాటైపోతుంది."

పక్కనున్న ఆయన భార్య నడుం మీద చెయ్యేసుకుని ఎటో చూసింది.

"పెట్రోలు బాగా తాగుతుందా?" అని ఇంకొకాయన్ని అడిగాడు.

"అవన్నీ చూసుకుంటే ఇంక సరదా ఏముందండీ," అని ఆయన మాట దాటేశాడు.

జీపు పక్కనే చెక్కపీట మీద కూర్చుని, బత్తాయి ఒలుచుకుంటూ ఒక మనిషి ఇదంతా వింటున్నాడు. నలిగిన చొక్కా, తీరుబడి మొహం. ఏ పనీ లేక వచ్చినట్టున్నాడు.

"నన్నడగరేం?" అన్నాడు.

"మీకూ ఉందా?"

"ఉంది. ఇదే రకం. వానొస్తే ఎడమకాలు తడుస్తుంది. తలుపు రెండుసార్లు కొడితేగానీ పడదు. సందులో ఎవరు ఎదురొచ్చినా వెనక్కి పోవాల్సింది మనమే. పోదామంటే వెనకాల ఏముందో కనపడి చావదు."

మాస్టారి మొహం మాడిపోయింది.

"ఓర్వలేనివాళ్లు ఇలాగే అంటారు," అని కోడలి చెవిలో గొణిగాడు. ఆ గొణుగుడు ఆ మనిషికీ వినపడింది. అతను నవ్వేసి, మాస్టారినే అడిగాడు.

"ఇంట్లో పెద్దవాళ్లున్నారా?"

"ఉన్నారు. మా అమ్మ చక్కగా ఎక్కుతుంది. ఏమ్మా?"

"ఎక్కనా ఏం," అంటూ అత్తగారు చేతికర్ర కోడలికిచ్చింది.

ఆ మనిషి లేచి, తను కూర్చున్న పీట తెచ్చి మెట్టు కింద వేశాడు. అత్తగారు పీటెక్కి, పిడి పట్టుకుని, కోడలు వెనకనుంచి దన్నుగా నిలబడితే సీట్లో కూలబడింది.

"చూశారా," అన్నాడు మాస్టారు.

"ఎక్కేటప్పుడు పట్టుదల ఉంటుందండీ. ఇప్పుడు దిగమనండి."

అత్తగారు తలుపు పట్టుకుని ఒక కాలు కిందికి వదిలింది. పీట అక్కడే ఉంది. ఆవిడకు కనపడటం లేదు. కాలు గాల్లో అటూ ఇటూ వెతికింది. నుదుట చెమట పట్టింది.

"ఉండరా... కాస్త ఉండు," అంది.

ఆ గొంతు మాస్టారు ఆసుపత్రిలో విన్నాడు. మళ్లీ వినకూడదనుకున్నాడు.

ఆ మనిషి వంగి, ఆవిడ మడమ పట్టుకుని, మెల్లిగా పీట మీద ఆనించాడు. చేతులకు బాగా అలవాటైన పనిలా ఉంది.

"మా అమ్మ కూడా మొదట్లో బావుందిరా అనేది," అన్నాడు. "తర్వాత్తర్వాత ఎక్కడికి రమ్మన్నా ఓపిక లేదురా అనడం మొదలెట్టింది. నిజంగానే ఓపిక లేదేమో అనుకున్నాను."

మాస్టారు నేరుగా బ్రోకరు గదిలోకి వెళ్లి, వద్దని చెప్పేసి వచ్చాడు.

ఆ మనిషితో ఒక మంచిమాట చెబుదామని కోడలు చుట్టూ చూసింది. పీటా లేదు, మనిషీ లేడు.

కారు రోడ్డెక్కింది.

"అమ్మయ్య. బతికించావురా," అంది అత్తగారు. "నీ ముచ్చట కదాని నోరు నొక్కుకున్నాను."

"నాకు రాత్రి కునుకు పడితే ఒట్టు," అంది కోడలు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"అసలు సంగతేంటంటే, మొన్న నడిపి చూసినప్పుడు మలుపు తిప్పలేక నాకు ముచ్చెమటలు పట్టాయి. ఇన్నాళ్లు మీ చెవులు ఊదరగొట్టి ఇప్పుడు వద్దంటే నవ్వుతారని..."

నవ్వనే నవ్వారు. అత్తగారైతే కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. కోడలికి గుండె దూదిపింజలా తేలికైపోయింది.

అంతలో ఫోను మోగింది. బ్రోకరు. కోడలు స్పీకరు నొక్కింది.

"ఏంటండీ మాస్టారూ, కుదిరిన బేరం చెడగొట్టారు. పాపం ఆ ఓనరు వాళ్లమ్మను తిప్పడానికి సరిగ్గా మీ కారులాంటి చిన్నబండి కోసం ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తున్నాడు. అయినా ఇందాక మీ పక్కనే పీటేసుక్కూర్చున్నాడుగా, ఒక్క ముక్కయినా చెప్పలేదా మీకు?"