ఎర్ర కాడల చెట్టు

"రెండు రోజుల్ల నాలుగు కిలోలు పెరిగిండు. మీ ఆయనకు నీళ్లెవరు తాపుతున్నరమ్మా?"

డయాలసిస్ గదిలో నర్సు అడిగిన తీరుకు గంగుబాయికి తల కొట్టేసినట్టయింది. బాలనర్సయ్యకు రోజుకు అర లీటరే లెక్క. కిడ్నీలు రెండూ పాడయ్యాయి. తాగింది తాగినట్టే ఒంట్లో ఉండిపోతుంది, ఊపిరితిత్తుల్లోకి చేరిందంటే ఇక అంతే. అందుకే బోధన్‌లోని ఆ ఇంట్లో వంటింటికి తాళం, నీళ్ల డ్రమ్ముకు తాళం. స్నానం కూడా ఆమె దగ్గరుండి చేయిస్తుంది.

మొగుడు గుక్కెడు నీళ్ల కోసం బతిమాలినప్పుడల్లా, బీడీలు చుట్టే చాట ఒళ్లో పెట్టుకుని ఆమె కూడా ఏడ్చేది. తాళం మాత్రం తీయలేదు.

ఆయనకు మిగిలిన సరదా ఒక్కటే, పెరట్లో పామ్ మొక్క. కాడలు కుంకుమ పూసినట్టు ఎర్రగా ఉంటాయి. మలేషియా దిక్కు బురదలో పెరిగే జాతి అట, జిల్లాలో పది ఇళ్లలో కూడా లేదట. నర్సరీ లింబాద్రి తెచ్చి నాటిపోయాడు. దాని ఆలనాపాలనా తనదేనని బాలనర్సయ్య పట్టుబట్టాడు. పొద్దున ఓ చెంబు, సాయంత్రం ఓ చెంబు గంగుబాయి నింపి ఇస్తే, గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్లేవాడు. తిరిగొచ్చేసరికి ముఖం కాస్త తేటపడేది. పోనీలే, ఏదో ఒక ధ్యాస అనుకునేది ఆమె.

మరి నీళ్లెవరు తాపుతున్నట్టు? ఇంటికి రోజూ వచ్చేది మరిది మధుకర్ ఒక్కడే. చెరుకురసం బండి వాడిది.

"మీ అన్న పానం తీస్తవా? రేపటిసంది గడప తొక్కకు."

"నా పిల్లల మీద ఒట్టు వదినా, నేను చుక్క తాపలే."

ఆమె వినలేదు. బాలనర్సయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. తమ్ముడి తరఫున ఒక్క మాట అనలేదు.

ఎండలు ముదిరాయి. పామ్ ఆకులు కొసల నుంచి మాడసాగాయి. "బురదల చెట్టక్కా, ఇంకింత పొయ్యాలె," అన్నాడు ఫోన్లో లింబాద్రి. గంగుబాయి మూడో చెంబు కూడా నింపి ఇవ్వసాగింది.

ఆ ఆదివారమే బాలనర్సయ్యకు ఊపిరాడలేదు. నిజామాబాద్ దవాఖానకు చేరేలోపే ఆటోలో, ఆమె ఒళ్లోనే పోయాడు.

శవం ముందు, బంధువులందరి ఎదుట, "వీడే చంపిండు" అంది గంగుబాయి. మధుకర్‌ను పాడె మోయనీయలేదు. వాడు వాకిట్లోంచే అన్నకు దండం పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ బజారులో ఆ బండి ఎవరికీ కనిపించలేదు.

దినాలు అయిపోయిన మర్నాడు లింబాద్రి పలకరించడానికి వచ్చాడు. పెరట్లో పామ్ నిలువునా పోయింది.

"ఉత్తగ నేనే జాస్తి పోయించిన్నేమో తమ్మీ. వేరు కుళ్లిందా?"

లింబాద్రి గడ్డపారతో మొదలు పెకిలించి, ఇంత మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు.

"కుళ్లలేదక్కా, నేను నాటిన్నాడు పోసినయే, మళ్ల దీనికి చుక్క నీళ్లు పడలే."